అప్‌డేట్: మేకలోళ్లను ముందు పిలిచినాం, పనైంది

భాకరాపేట పక్క మా ఊర్లో మూలబడిన వన సంరక్షణ సమితిని (ఊరోళ్లు, ఫారెస్టోళ్లు కలిసి అడవిని కాపాడుకునే సంఘం) లేపేదెట్లా అని పోయిన నెల అడిగినా కదా. "ముందు మేకలోళ్లను పిలువు, ఆఫీసర్లను తర్వాత" అని ఒకన్న చెప్పినాడు. అదే చేసినా.

రచ్చబండ కాడ గంటసేపు అరుపులే. 1992లో రాష్ట్రంలో ఈ సమితులు మొదలైన కాలంనాటి పెద్దాయన ఒకాయన, "అప్పుడు గుంతలు తవ్వినాం, కూలి వచ్చె, తర్వాత అడిగినోడే లేడు" అనె. నిజమే, ఏం చెప్పాలో నాకు తోచలా. ఆడోళ్లే దారి చూపించిరి: ఉసిరి, చీపురుపుల్ల దళారికి కాకుండా కలిసి అమ్ముకుందామని. ఎర్రచందనం జోలికి పోయేది లేదు, అది ఖాయం.

మేకలకు ఒక గుట్ట వదిలినాం. ఆదివారం పొద్దున్నే ఎండుబోద గడ్డి చెక్కి ఫైర్ లైన్లు (నిప్పు పాకకుండా గడ్డి లేని బాటలు) తీయాల. ఫారెస్టోళ్లూ వస్తామన్నారు. పార మాత్రం ఎవురిది వాళ్లే తెచ్చుకోవాలంట.