మారిషస్‌లో ఒంటరిగా ఉంటున్న ఉద్యోగులకు స్నేహితులు ఎక్కడ దొరుకుతారు?

ఫ్లిక్‌వాసి

అందరికీ నమస్కారం. ఎబెన్ సైబర్ సిటీలో అకౌంట్స్ పని చేస్తున్నాను. వయసు ఇరవై ఆరు, పెళ్లి కాలేదు. ఆఫీసులో అందరూ మర్యాదస్థులే. కానీ పని వేళ ముగియగానే ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోతారు. ఫ్లిక్ ఆ ఫ్లాక్‌లో సముద్రానికి దగ్గరగా ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాను. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి నోరు తెరిచి మాట్లాడటానికి మనిషి ఉండడు. కారు లేదు. బార్లలో కూర్చునే అలవాటూ పెద్దగా లేదు. ఫోటోలు చూసిన ఇంటి వాళ్లు "నీకేం, ఏడాదంతా సెలవులే" అంటుంటే ఏం చెప్పాలో తోచదు.

ఇక్కడ కొంతకాలంగా ఉన్నవాళ్లు, మీకు మొదటి స్నేహితులు ఎలా దొరికారో రాయండి. "బయటకు వెళ్లు, నలుగురిలో కలువు" అని మాత్రం దయచేసి చెప్పకండి. ఎక్కడికి వెళ్లాలి, ఆ నలుగురు ఎవరు అన్నదే నా ప్రశ్న.

పాతకాపు

తమ్ముడూ, ముందు ఇల్లు మార్చు. సముద్రం ఎక్కడికీ పోదు. ద్వీపం పొడవు అరవై అయిదు కిలోమీటర్లు, వెడల్పు నలభై అయిదు. ఎక్కడున్నా ఆదివారం సముద్రానికి వెళ్లి రావచ్చు.

ఇక్కడి ఉద్యోగస్థుల్లో చాలామంది మధ్యలో ఉన్న ఎత్తయిన ప్రాంతంలో, అంటే రోజ్ హిల్, కాత్ర్ బోర్న్, వాక్వా, క్యూర్‌పీప్ వరుసలో ఉంటారు. మెట్రో కూడా ఆ వరుసలోనే వెళుతుంది. 2020లో పోర్ట్ లూయీ నుంచి రోజ్ హిల్ వరకు మొదలై, తర్వాత క్యూర్‌పీప్ దాకా వచ్చింది. 2023 నుంచి ఎబెన్ మీదుగా రెద్విట్ వరకు ఒక శాఖ కూడా నడుస్తోంది. నీ ఆఫీసు దాని పక్కనే కదా! తీరం వైపు వెళ్లే బస్సులు సాయంత్రం అయ్యేకొద్దీ పలచబడతాయి. ఎవరైనా "పని అయ్యాక టీ తాగుదాం" అంటే నువ్వు గడియారం చూసుకుంటావు. రెండుసార్లు అలా చూస్తే మూడోసారి పిలవరు. దాన్ని మనం "ఇక్కడివాళ్లు కలవరు" అని చెప్పుకుంటాం.

క్యూర్‌పీప్‌లో మాత్రం వానలు ఎక్కువ, చలి కూడా. గొడుగు వదలకుండా బతకడం నీకు ఇష్టమైతేనే అక్కడికి వెళ్లు. నా మాట వింటే కాత్ర్ బోర్న్.

నీలిమడుగు

పాతకాపు గారి సలహాతో సగమే ఏకీభవిస్తాను. నేనూ ఒంటరిగా పడమటి తీరంలోనే ఉంటున్నాను, మారే ఉద్దేశం లేదు. ఇక్కడ ఆదివారాలను సరిగ్గా వాడుకోవాలి.

ఆదివారం ఉదయం ఫ్లిక్ ఆ ఫ్లాక్ పబ్లిక్ బీచ్‌లో సరుగుడు చెట్ల కిందకు వెళ్లి చూడండి. కుటుంబాలకు కుటుంబాలు వ్యానుల్లో దిగుతాయి. చాపలు, మడత కుర్చీలు, బిర్యానీ గిన్నెలు, ఐసు పెట్టెలు, పసిపిల్లలు, ముసలమ్మలు. మధ్యాహ్నం దాటాక ఎవరో ఒకరు చిన్న మంట వేసి రవాన్‌ను దాని దగ్గర పట్టుకుని తిప్పుతారు. అది మేకతోలు బిగించిన పెద్ద గుండ్రటి వాయిద్యం. తోలుకు వేడి తగిలితేనే బిగువుగా పలుకుతుంది. మధ్యమధ్య వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ మంట మీదకు తెస్తారు. ఆ పని జరుగుతుండగానే చుట్టూ జనం చేరతారు. తర్వాత సెగా అనే ఇక్కడి జానపద పాటలు, కాళ్లు ఇసుక మీద నుంచి లేపకుండా ఆట.

నేను దూరంగా పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఒక పెద్దావిడ పళ్లెం పంపించింది. తిన్నాక ఖాళీ పళ్లెం ఇచ్చేసి రాకుండా అక్కడే కూర్చుని గిన్నెలు సర్దడంలో సాయం చేశాను. తర్వాతి ఆదివారం అదే చెట్టు కింద అదే కుటుంబం. ఇక్కడి కుటుంబాలకు చోటు అలవాటు. అది తెలిస్తే చాలు, వెతుక్కోనక్కర లేదు.

ఒకటి మాత్రం ఆడపిల్లలకు చెబుతాను. చీకటి పడ్డాక బస్సు మీద ఆధారపడకండి. తెలిసిన టాక్సీ డ్రైవరు నంబరు ఒకటి దగ్గర పెట్టుకోండి. బీచ్ ఖాళీ అయ్యేవేళ ఒంటరిగా ఉండకండి.

డోడోపక్షి

నాకు కొండలు పనికొచ్చాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ చలికాలం, ఎక్కడానికి అదే మంచి కాలం. ప్రతి వారాంతం ఏదో ఒక గుంపు బయలుదేరుతూనే ఉంటుంది. మొదట ల పూస్ ఎక్కండి. ఎత్తు 812 మీటర్లు, మోకా వైపు నుంచి దారి సులువు, చివర బొటనవేలు లాంటి రాయి దగ్గర మాత్రం చేతులు కూడా వాడాలి. పైనుంచి పోర్ట్ లూయీ మొత్తం కనిపిస్తుంది. 1836లో చార్లెస్ డార్విన్ కూడా ఎక్కిన కొండే ఇది. ఆ ముక్క దారిలో ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు, కొత్తగా విన్నట్టు మొహం పెట్టండి. ల మోర్న్ దీనికంటే పొట్టిదే, 556 మీటర్లు. కానీ పై భాగం నిటారుగా ఉంటుంది. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు దాక్కున్న కొండ అది. 2008లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడికి స్థానికులతో వెళ్లడం వేరు, టూరిస్టులతో వెళ్లడం వేరు.

కొండ ఎక్కేటప్పుడు ఎదురెదురుగా కూర్చుని మాటలు వెతుక్కోవలసిన బాధ ఉండదు. ఆయాసంలో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. దిగేటప్పుడు మాత్రం అందరూ మాట్లాడతారు. దిగాక దోల్ పురి, అంటే పప్పు కూరిన పల్చటి రొట్టె, అమ్మే బండి దగ్గర ఆగడం ఆచారం. జతగానే ఇస్తారు, ఒకటి అడగకండి.

ఇక ఫుట్‌బాల్. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ అంటే ఇక్కడ ప్రాణం పెడతారు. పని అయ్యాక అద్దె మైదానాల్లో ఐదుగురేసి ఆడే జట్లు ఎబెన్ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. పదిమంది కుదరాలి, చివరి క్షణంలో ఎవరో ఒకరు ఎగ్గొడతారు. ఆ పదో మనిషికి ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు! బాగా ఆడనక్కర లేదు, వేళకు వస్తే చాలు.

ఫ్లిక్‌వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఫుట్‌బాల్ వస్తుంది, కొండలు అలవాటు లేదు. ఇంకో ఇబ్బంది చెప్పనా? ఆఫీసులో ఈమెయిళ్లు ఇంగ్లిషులో, మీటింగులు ఇంగ్లిషులో. కానీ భోజనాల బల్ల దగ్గర అందరూ ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లోకి వెళ్లిపోతారు. అందరూ నవ్వుతారు, ఒకరు నా కోసం ఇంగ్లిషులో చెబుతారు, అప్పటికి ఆ నవ్వు అయిపోయి ఉంటుంది. నా వల్ల వాళ్లకు ఇబ్బంది అనిపించి ఈ మధ్య నా డబ్బా నా డెస్కు దగ్గరే తింటున్నాను.

గాతోపిమాన్

డెస్కు దగ్గర తినడం రేపే ఆపండి. నేను చెప్పేది అంతే. మిగతాది దానికి వివరణ.

ఇక్కడివాళ్లు మీకోసం భాష మార్చుకుంటారు, అది వాళ్ల మర్యాద. కానీ విశ్రాంతి వేళ కూడా ఆ మర్యాద పాటించాలంటే వాళ్లకూ అలసటే. అర్థం కాకపోయినా కూర్చోండి. క్రియోల్‌లో చాలా మాటలు ఫ్రెంచి నుంచి వచ్చాయి, కానీ క్రియాపదాలను తిప్పలు పడి మార్చే పని ఉండదు. "తి" పెడితే జరిగిపోయినది, "పె" పెడితే జరుగుతున్నది, "పు" పెడితే జరగబోయేది. మూడు ముక్కలు పట్టుకుంటే సగం మాటలు అందుతాయి. పలికినట్టే రాస్తారు కాబట్టి ఆఫీసు వాట్సాప్ గుంపే మీ పాఠ్యపుస్తకం. 2012 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో కూడా నేర్పుతున్నారు. సహోద్యోగి పిల్లవాడి వాచకం అడిగి తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

పొద్దున్నే "కి మాన్యేర్" (ఎలా ఉన్నారు) అని మీరే ముందు పలకరించండి. యాస చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. మీ గురించి ఆట పట్టించడం మొదలైందంటే బల్ల దగ్గర మీ కుర్చీ ఖాయమైనట్టే.

ఐదోతరం

నమస్కారం. నేను ఇక్కడే పుట్టినవాడిని. మా పూర్వీకులు పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి ఓడలో వచ్చారు. ఇంట్లో క్రియోల్ మాట్లాడతాము. తెలుగు బడిలోనూ, తర్వాత మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలోనూ నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

తెలుగువారు ఇక్కడికి వచ్చి మా దగ్గరికి రారు అని మా పెద్దలు అంటారు. ఉగాది ఇక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మా ద్వీపంలోనే జరిగాయి. మా ఊళ్లలో రామభజనం ఉంటుంది. దీపం చుట్టూ తిరుగుతూ, అడుగులు వేస్తూ రాత్రి చాలాసేపు పాడతాము. పాటల్లో కొన్ని మాటలకు అర్థం మాకే తెలియదు, తాతల నుంచి వచ్చినట్టు పాడతాము. మీరు వచ్చి ఒక మాటకు అర్థం చెబితే మీకు ఆ రాత్రి ఇంటికి వెళ్లనివ్వరు, అన్నం పెట్టి కూర్చోబెడతారు.

మా తెలుగువారి సంఘం మారిషస్ ఆంధ్ర మహాసభ, దాని శాఖలు చాలా ఊళ్లలో ఉన్నాయి. ముందు పరిచయం అక్కరలేదు.

డోడోపక్షి

ఐదోతరం గారూ, మీ తెలుగు మా ఆఫీసు తెలుగు కంటే నయం.

నీలిమడుగు

ఆంధ్ర మహాసభ సంగతి మంచి మాటే. కానీ ఫ్లిక్‌వాసి గారూ, పెళ్లి ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి. అక్కడే కాదు, బీచ్‌లో, ఆఫీసులో, కూరగాయల బజారులో కూడా అదే. ఎక్కడివారు, ఏం పని, పెళ్లయిందా. మూడో ప్రశ్న దాటితేనే సంభాషణ మొదలవుతుంది. నేను మొదట్లో ముడుచుకుపోయేదాన్ని. ఇప్పుడు "మీరే చూసిపెట్టండి" అంటాను. అవతలివాళ్లు నవ్వేస్తారు, విషయం మారుతుంది. ఒకావిడ నిజంగానే చూసిపెట్టింది, అది వేరే కథ.

ఇంకొకటి. జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. ఒకరి పిన్ని కొడుకు ఇంకొకరి మేనేజరు అవుతాడు. ఎవరితోనైనా కాఫీకి వెళితే సోమవారానికి ఆఫీసులో తెలుస్తుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మంచి పేరు కూడా అంతే వేగంగా వ్యాపిస్తుంది. నాకు ఇంటి బ్రోకరు, దంతవైద్యురాలు, యోగా తరగతి, ముగ్గురూ ఆ సరుగుడు చెట్టు కుటుంబం ద్వారానే దొరికారు. (తరగతిని మనిషిగా లెక్కపెట్టాను, ఏమనుకోకండి.)

పాతకాపు

ఒక మాట ఎవరూ అనలేదు. విదేశీయుల గుంపుల గురించి. గ్రాండ్ బేలో, తమరేన్‌లో వారం వారం కలుస్తారు, చాలా సరదాగా ఉంటుంది, మొదటి రోజే పదిమంది నంబర్లు ఇస్తారు. వెళ్లు, తప్పు లేదు. కానీ వాళ్లలో ప్రీమియం వీసా మీద ఒక ఏడాది ఇంటి నుంచి పని చేసుకోవడానికి వచ్చినవాళ్లు, కాంట్రాక్టు ముగిస్తే వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. వీడ్కోలు విందులకే నెలంతా సరిపోతుంది. స్థానికులకూ ఈ సంగతి తెలుసు. చిన్నప్పుడు బడిలో కలిసి చదువుకున్న స్నేహితులు వాళ్లకు పక్క వీధిలోనే ఉంటారు. నువ్వు ఎన్నాళ్లుంటావో తేలేదాకా కొత్త మనిషి మీద ఎందుకు ఖర్చు పెట్టుకోవాలి? నేను కాంట్రాక్టు పొడిగించుకున్నానని తెలిసిన వారమే ఒక సహోద్యోగి చెల్లెలి పెళ్లికి పిలిచాడు. అంతకుముందు ఏడాదంతా పక్క పక్కనే కూర్చున్నాం! అరిటాకు మీద ఏడు కూరలు, చిన్న పూరీలు. పంక్తిలో నా పక్కన కూర్చున్న ఆయనతో ఇప్పటికీ చేపలు పట్టడానికి వెళుతుంటాను.

ఫోను గురించి కూడా చెప్పాలి. ఇండియాకు, ఇక్కడికి తేడా గంటన్నర మాత్రమే. అమెరికాలో ఉన్నవాళ్లకు కుదరదు కానీ, నీకు ఆఫీసు కాగానే పాత స్నేహితులందరూ ఫోనులో దొరుకుతారు. రాత్రి పది దాకా మాట్లాడతావు. మనసు నిండిపోతుంది, తలుపు తీసే అవసరం రాదు. వారంలో రెండు సాయంత్రాలు ఆ ఫోను లేకుండా చూసుకో.

గాతోపిమాన్

పాతకాపు గారి ఫోను మాట నూటికి నూరు పాళ్లు నిజం. నా విషయంలో ఆ ఫోనును తుపానే ఆపింది. క్లాస్ 3 హెచ్చరిక వస్తే బస్సులు ఆగిపోతాయి, అందరూ ఇళ్లలోనే ఉండాలి. కరెంటు పోయింది, ఫోను చార్జి అయిపోయింది. పై అంతస్తు వాళ్లు ఫ్రీజరులో ఉన్నవి పాడవుతాయని గ్యాసు మీద వండేసి మెట్ల మీద పెట్టారు. అంతకుముందు వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. నవంబరు నుంచి తుపాన్ల కాలం కాబట్టి కొవ్వొత్తులు, నీళ్ల సీసాలు కాస్త ఎక్కువే కొని పెట్టుకోండి. ఒక పెట్టె పక్కింటికి కూడా.

ఫ్లిక్‌వాసి

ఇన్ని జవాబులు ఊహించలేదు. ఇల్లు మారడం ఇప్పుడే కుదరదు, అద్దె ఒప్పందం ఉంది. ఈ ఆదివారం నీలిమడుగు గారు చెప్పిన సరుగుడు చెట్ల వైపు వెళతాను, అది మా ఇంటికి నడిచే దూరమే. సోమవారం నుంచి భోజనం బల్ల దగ్గర. డోడోపక్షి గారూ, మీ జట్టులో పదో మనిషి ఎప్పుడైనా ఎగ్గొడతాడా?

డోడోపక్షి

ఈ బుధవారం గోల్‌కీపరు రావడం లేదు. ఆరున్నరకు ఎబెన్ మెట్రో స్టేషన్ దగ్గర నిలబడండి, మా వాడొకడు కారులో ఎక్కించుకుంటాడు, ఆట అయ్యాక ఫ్లిక్ ఆ ఫ్లాక్‌లో దించుతాడు, అతనిది ఆ దారే. చేతి తొడుగులు ఉన్నాయా, మావి తేవాలా?

ఫ్లిక్‌వాసి

మీవే తెండి.