కొత్త సెమీ ట్రక్కులో సీబీ యాంటెనా మైలు దాటి పనిచేయడం లేదు: లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: దూరబాట

అందరికీ నమస్కారం. నేను డాలస్ నుంచి సెమీ ట్రక్కు నడుపుతున్నాను. చలికాలంలో నా లోడ్లు ఎక్కువగా వయోమింగ్ మీదుగా ఐ-80 రహదారిపై వెళ్తాయి. లారమీ, రాలిన్స్ పట్టణాల మధ్య గాలికీ మంచుకూ ఆ దారిని తరచుగా మూసివేస్తారు, ఫోన్ సిగ్నల్ కూడా అన్నిచోట్లా అందదు. ముందు వెళ్తున్న డ్రైవరు సీబీ (సిటిజన్స్ బ్యాండ్, డ్రైవర్లు పరస్పరం మాట్లాడుకునే తక్కువ దూరపు రేడియో) 19వ చానల్‌లో వంతెన మీద మంచు గడ్డకట్టిందని చెప్పే మాట సకాలంలో వినబడడం అక్కడ ప్రాణావసరం. అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను.

పాత ట్రక్కులో వాడిన రేడియోనే పడక గది ఉన్న కొత్త స్లీపర్ ట్రక్కులో పెట్టించాను. అప్పట్లో నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్నవారితో స్పష్టంగా మాట్లాడగలిగేవాడిని. ఇప్పుడు మైలు దాటితే మాట అందడం లేదు. నాలుగడుగుల ఫైబర్‌గ్లాస్ యాంటెనాను డ్రైవరు వైపు అద్దం బ్రాకెట్‌కు బిగించారు. కేబుల్ మాత్రం ట్రక్కుతో పాటు వచ్చినదే. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి వెనక్కి వచ్చే తరంగం ఎంతో తెలిపే అంకె, 1కి దగ్గరగా ఉంటే మంచిది) మీటరు 1వ చానల్‌లో 2.8, 19లో 2.6, 40లో 2.9 చూపిస్తోంది. యాంటెనా కొనను ఎంత సర్దినా ఈ అంకెలు కదలడం లేదు. పైగా ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియోలో రొద మొదలవుతుంది. రెండు యాంటెనాలు పెట్టుకోమని ఒకరు, యాంప్లిఫయర్ కొనమని మరొకరు చెప్పారు. డబ్బు ఖర్చు పెట్టక ముందే అసలు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని ఉంది.

జవాబు: తరంగం27

దూరబాట గారూ, మీరు ఇచ్చిన మూడు అంకెలలోనే సగం సమాధానం ఉంది. యాంటెనా పొడవులో తేడా ఉంటే ఎస్‌డబ్ల్యూఆర్ ఒక చివరి చానల్‌లో తక్కువగానూ మరో చివర ఎక్కువగానూ కనబడుతుంది. అన్ని చానళ్లలోనూ ఎక్కువగా ఉండి, కొన సర్దినా కదలకపోతే ముందుగా, ట్రక్కు లోహంతో యాంటెనాకు ఉండే సంబంధాన్ని, అంటే గ్రౌండ్‌ను అనుమానించాలి.

సీబీ 26.965 నుంచి 27.405 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న 40 చానళ్లలో పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. అందులో పావు వంతు 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు. మీ కడ్డీ చుట్టూ తీగను చుట్టి ఆ పొడవును నాలుగడుగులకు కుదించారు. అయినా అది యాంటెనాలో సగమే, మిగతా సగం ట్రక్కు లోహం కావాలి. కొత్త ట్రక్కుల్లో గాలి నిరోధం తగ్గించడానికి హుడ్, పైకప్పు తొడుగు, పక్క ఫెయిరింగులు, అద్దాల గూళ్లు చాలావరకు ప్లాస్టిక్‌తోనో ఫైబర్‌తోనో చేస్తున్నారు. అద్దం బ్రాకెట్ లోహమే అయినా అది తరచుగా రబ్బరు మీదా పెయింటు మీదా కూర్చుని ఉంటుంది. తలుపుకు బిగించినదైతే, ఆ తలుపుకూ క్యాబ్‌కూ మధ్య గ్రీజు పూసిన కీళ్లు తప్ప చెప్పుకోదగిన లోహబంధం ఉండదు. అప్పుడు కోయాక్స్ కేబుల్ (యాంటెనాను రేడియోకు కలిపే తీగ) పైనున్న లోహపు జల్లెడ తొడుగే గ్రౌండ్ పని చేయవలసి వస్తుంది. మీ శక్తిలో కొంత క్యాబ్ లోపలే వెదజల్లబడుతుంది, డ్యాష్‌లో పుట్టే రొదను కూడా అదే తొడుగు రేడియోలోకి మోసుకొస్తుంది. మీ రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటే కావచ్చు.

పరీక్షించడానికి కేబుల్‌ను రెండు చివరలా విప్పి, మల్టీమీటరుతో బ్రాకెట్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య నిరోధం చూడండి. అది ఒక ఓమ్ కంటే తక్కువ ఉండాలి. తర్వాత యాంటెనా తీసేసి, దానిని నిలబెట్టే స్టడ్ బోల్టుకూ బ్రాకెట్‌కూ మధ్య చూడండి. అక్కడ సంబంధమే ఉండకూడదు. ఉంటే నైలాన్ వాషరు నలిగిందనో, తప్పుగా పడిందనో అర్థం.

అయితే మీటరు సున్నా చూపించినంత మాత్రాన గ్రౌండ్ బాగున్నట్టు కాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెండు మీటర్ల సన్నని తీగకు సుమారు 2 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటును అడ్డుకునే గుణం) ఉంటుంది. 27 మెగాహెర్ట్జ్ దగ్గర అది 340 ఓమ్‌ల అడ్డంకి. బ్యాటరీ కరెంటుకు నేరుగా దారి ఇచ్చే ఆ తీగే రేడియో తరంగానికి గోడలా నిలుస్తుంది. అందుకే తగరం పూత ఉన్న వెడల్పాటి రాగి అల్లిక పట్టీ వాడాలి, అది వీలైనంత పొట్టిగా ఉండాలి. బ్రాకెట్ నుంచి తలుపు లోహానికి ఒకటి, కీలు దగ్గర తలుపు నుంచి క్యాబ్ లోహానికి ఒకటి వేయండి. బోల్టు కింద పెయింటు గీకి, మెరిసే లోహం మీద బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయండి.

ఎస్‌డబ్ల్యూఆర్ గురించి మరొక మాట. 2.6 దగ్గర వెనక్కి వచ్చే శక్తి ఇరవై శాతం లోపే, దానివల్ల మాత్రమే నాలుగైదు మైళ్లు ఒక మైలుకు పడిపోవు. మిగతా నష్టం ఆ బలహీనమైన గ్రౌండ్‌లోనే జరుగుతోంది. యాంటెనా బదులు డమ్మీ లోడ్‌కు (శక్తిని వేడిగా మార్చేసే పరీక్ష పరికరం) కలిపితే మీటరు 1 చూపిస్తుంది, గాలిలోకి మాత్రం దాదాపు ఏమీ వెళ్లదు. కనుక మంచి అంకె కోసం కాక మంచి గ్రౌండ్ కోసం పని చేయండి.

జవాబు: పెద్దబండి

తరంగం27 గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ రోడ్డు మీది అనుభవం కొంత జోడిస్తాను. ట్రక్కుతో వచ్చిన కేబుల్‌ను చాలాసార్లు ఒక డిప్లెక్సర్ గుండా తిప్పి, మామూలు ఏఎం-ఎఫ్ఎం రేడియోకూ సీబీకీ కలిపి వాడుకునేలా అమరుస్తారు. దానిని పక్కన పెట్టి యాంటెనా నుంచి రేడియో వరకు సొంతంగా ఆర్‌జీ-8ఎక్స్ కేబుల్ లాగండి. తలుపు సందులో నలగకుండా చూడండి, మిగిలిన కేబుల్‌ను బిగువైన చుట్టగా కట్టకండి. కేబుల్ పద్దెనిమిది అడుగులే ఉండాలనే మాట విని కంగారు పడనవసరం లేదు. కేబుల్ పొడవు మారితే ఎస్‌డబ్ల్యూఆర్ బాగా మారుతోందంటే, ఆ తొడుగు మీద తరంగం పారుతోందనే అర్థం, అంటే మళ్లీ గ్రౌండ్ సమస్యే.

రెండో యాంటెనా విషయంలో తొందరపడవద్దు. జంట యాంటెనాల మధ్య దాదాపు తొమ్మిది అడుగుల దూరం ఉంటే ముందుకూ వెనక్కూ కొంత లాభం వస్తుంది, కానీ మన ట్రక్కు వెడల్పే ఎనిమిదిన్నర అడుగులు. వాటికి 75 ఓమ్‌ల ప్రత్యేక జంట కేబుల్ కావాలి. అద్దాల గ్రౌండ్ సరిగా లేనప్పుడు రెండు పెడితే లోపం రెండింతలవుతుంది. దానికన్నా తీగ చుట్టిన భాగమైన కాయిల్‌ను క్యాబ్ పైకప్పు కంటే ఎత్తులో నిలబెట్టే పొడవాటి కాడ ఉన్న యాంటెనా తీసుకోవడం మేలు. కడ్డీ కింది భాగంలోనే ఎక్కువ కరెంటు పారుతుంది కనుక అది స్లీపర్ గోడ పక్కన దాగిపోకూడదు. చాలా రాష్ట్రాల్లో ఎత్తు పరిమితి 13 అడుగుల 6 అంగుళాలని మరిచిపోవద్దు.

గ్రౌండ్ అవసరం లేని యాంటెనా కిట్లు కూడా దొరుకుతాయి. అవి తమ సొంత కేబుల్‌తోనే పనిచేస్తాయి; దానిని కత్తిరించకూడదు, వేరే కేబుల్‌తో మార్చకూడదు. లోహబంధం ఎంత ప్రయత్నించినా కుదరనప్పుడే అటు వెళ్లండి.

జవాబు: నిశ్శబ్దచానల్

రొద సంగతి విడిగా చూడండి. ఇంజన్ ఆపి, రేడియోను మాత్రమే ఉంచి వినండి. తర్వాత ఒక్కొక్క పరికరాన్ని కలుపుతూ రండి: డ్యాష్ కెమెరా, యూఎస్‌బీ చార్జరు, డ్రైవింగ్ గంటలను నమోదు చేసే ఈఎల్‌డీ పరికరం, స్లీపర్‌లోని ఇన్వర్టరు. నా అనుభవంలో చవక చార్జరు, ఇన్వర్టరు ముందుంటాయి. పట్టుబడినదాని తీగలకు ఫెరైట్ క్లిప్పులు (రొదను అణచే బిళ్లలు) వేయండి, లేదా దానిని మార్చండి. రేడియో కరెంటును ఫ్యూజుతో నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోండి.

దూరబాట

అందరికీ కృతజ్ఞతలు. బ్రాకెట్‌కూ బ్యాటరీకీ మధ్య అసలు సంబంధమే లేదని తేలింది. రాగి పట్టీలు వేసి, కొత్త కేబుల్ లాగిన తర్వాత 1వ చానల్‌లో 1.4, 19లో 1.5, 40లో 1.9 వచ్చాయి. రొదలో ఎక్కువ భాగం ఇన్వర్టరుదే. దానిని ఆపితే పూర్వం వినబడనివారు కూడా వినబడుతున్నారు. ఇక 40లో 1.9ని ఏం చేయాలి? యాంప్లిఫయర్ ఆలోచన పూర్తిగా మానేయవచ్చా?

జవాబు: తరంగం27

40లో ఎక్కువగా, 1లో తక్కువగా ఉందంటే యాంటెనా కొద్దిగా పొడవైందని అర్థం. కొన మరను కొంచెం లోపలికి తిప్పుతూ, ప్రతిసారీ తలుపులు మూసి, చెట్లకూ ఇతర ట్రక్కులకూ దూరంగా నిలిపి కొలవండి. రెండు చివరి చానళ్లూ దగ్గరగా సమానమైన చోట ఆపండి.

యాంప్లిఫయర్ మానేయండి. సీబీలో ఏఎం క్యారియర్‌కు 4 వాట్లు, సింగిల్ సైడ్ బ్యాండ్‌కు (సంకేతంలో ఒక పక్క భాగాన్నే పంపే పద్ధతి) 12 వాట్ల గరిష్ఠం మాత్రమే అనుమతి ఉంది. అమెరికా సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనలు సీబీకి యాంప్లిఫయర్‌ను నిషేధిస్తాయి. నిబంధన లేకపోయినా, దూరం రెండింతలు కావాలంటే శక్తి కనీసం నాలుగింతలు కావాలి, అది కూడా మీ మాట వెళ్లడానికే, ఎదుటివారి మాట వినబడడానికి కాదు. మీకు వయోమింగ్‌లో కావలసింది వినడం. చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు రాగి పట్టీల బోల్టులను తినేస్తుంది కనుక, నూనె మార్పించే ప్రతిసారీ మల్టీమీటరుతో ఒకసారి బ్రాకెట్‌ను చూసుకోండి.