జైలు నుంచి వచ్చినతనికి మా పైగది అద్దెకివ్వొచ్చా?

కుట్టుమిషను, బొబ్బిలి:

కింద మా ఇల్లు, నా టైలరింగు షాపు. పైన ఒక గది, దసరా నుంచి ఖాళీ. పోయిన ఆదివారం ఒక ముసలావిడ వచ్చింది, మా అత్తగారికి పాత పరిచయం. తనకీ కొడుక్కీ గది కావాలంది. రెండు వేలన్నాను. బేరమాడకుండా ఐదొందలు అడ్వాన్సు చేతిలో పెట్టేసింది. బేరమాడనప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సాయంత్రం పక్కింటి పిన్నిగారు చెప్పారు. ఆ కొడుకు పోక్సో కేసులో, అంటే పిల్లల మీద లైంగిక నేరం కేసులో, ఏడేళ్లు విశాఖ సెంట్రల్ జైల్లో ఉండి వచ్చాడట. సొంత ఊళ్లో అడుగు పెట్టనివ్వలేదట. "ఏటే, ఇద్దరు గుంటల్ని ఇంట్లో పెట్టుకుని వాడికి గదిస్తావేటి?" అని ఒకటే తిట్లు.

నా కూతురికి పదకొండేళ్లు, బాబుకి ఎనిమిది. పాప చదువుకునేది మేడమీదే. లంగా ఓణీల కొలతలకి వచ్చే ఆడపిల్లలు కూర్చునేది మెట్ల పక్కన బల్ల మీద. సందు చివర అంగన్‌వాడీ. ఇలాంటివాళ్లు బడి దగ్గర ఉండకూడదని చట్టం ఏమైనా ఉందా? వీళ్ల పేర్ల లిస్టు ఎక్కడైనా చూసుకోవచ్చా? పిన్నిగారి మాట తప్ప నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఇంకోటి కూడా అడగాలి. శిక్ష వేశారు, అనుభవించాడు. ఇక ఎక్కడా ఉండొద్దంటే ఆ తల్లి వాణ్ని తీసుకుని ఎక్కడికి పోతుంది? ఇది న్యాయమేనా? అడుగుతున్నాను గానీ, నిన్నట్నుంచి మేడ తలుపుకి తాళం వేసే ఉంచాను.

నల్లకోటు, విజయనగరం:

అమ్మా, శిక్ష పూర్తయినవాడు బడికి ఇంత దూరంలో ఉండాలని చెప్పే చట్టం మన దగ్గర లేదు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం కింద అతనికీ ఉంది. అలాగని మీ గది ఇచ్చి తీరాలనీ లేదు, మీ ఇల్లు మీ ఇష్టం.

లిస్టు ఉంది. 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోంశాఖ మొదలుపెట్టింది, జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) నడుపుతుంది. మొదలైన రోజుకే అందులో 4.4 లక్షల ఎంట్రీలు. కానీ పోలీసులు, దర్యాప్తు సంస్థల వాళ్లే చూడగలరు, మీరూ నేనూ చూడలేం. మన రాష్ట్రంలో 2019 డిసెంబరులో అసెంబ్లీ ఆమోదించిన దిశ బిల్లుల్లో జనమంతా చూడగలిగే రిజిస్ట్రీ ఒకటి పెడతామన్నారు. వాటికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు.

పోక్సో అనగానే అన్ని కేసులూ ఒకటే అనుకోకండి. పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడి పంతొమ్మిదేళ్ల కుర్రాడితో వెళ్లిపోయినా అదే చట్టం. చిన్నపిల్లని పాడుచేసినవాడి మీదా అదే చట్టం. ఇతనిది ఏ కేసో తీర్పు చూస్తే తెలుస్తుంది, పిన్నిగారి మాటల్లో తెలియదు.

పలాస కుర్రాడు:

ఇంత ఆలోచన దేనికండీ? ఫోటో ప్రింటు తీసి పోస్టాఫీసు గోడకి అంటించండి. ఊరంతా తెలిస్తే వాడే పోతాడు.

నరసన్నపేట టు కాలిఫోర్నియా:

తమ్ముడూ, ఇక్కడ ఆ గోడ ఇంటర్నెట్‌లోనే ఉంది. 1994లో న్యూజెర్సీలో ఏడేళ్ల పాపని ఎదురింట్లో ఉండేవాడే చంపేశాడు. వాడికి అంతకుముందే ఇలాంటి కేసుల్లో శిక్షలు పడ్డాయి. ఆ సంగతి తల్లిదండ్రులకి తెలియదు. ఇలాంటి నేరస్తుల వివరాలు జనానికి తెలియాలని ఆ పాప పేరు మీదే 1996లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మా పాప పుట్టాక నేనూ ఆ సైటు తెరిచాను. మా ఇంటి చుట్టూ మ్యాపులో చుక్కలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక చేయడానికి మాత్రం ఏమీ కనబడలేదు.

దూరం సంగతి కూడా చెబుతాను. కాలిఫోర్నియాలో 2006లో జనమే ఓటేసి, బడికీ పార్కుకీ 2,000 అడుగుల లోపు ఉండకూడదన్నారు. అంటే దాదాపు 600 మీటర్లు. శాన్‌డియాగోలో అద్దె ఇల్లన్నది దొరక్క చాలామంది రోడ్డున పడ్డారు. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ కౌంటీలో అందరికీ గుడ్డిగా అలా అమలు చేయడం చెల్లదంది. మయామీలో హద్దు 2,500 అడుగులు. అక్కడ కొన్నేళ్లు ఒక వంతెన కిందే వాళ్ల మకాం.

బొబ్బిలిలో ఒక్కో బడి చుట్టూ 600 మీటర్లకి గీత గీసి చూడండి అక్కా. అందులో పడని ఇళ్లు ఎన్ని మిగులుతాయో చెప్పండి.

పేరు రాయను, శ్రీకాకుళం జిల్లా:

గోడకి అంటించమన్న బాబుకి చెబుతున్నాను. మా పాప విషయంలో కేసు పెట్టింది నేనే. చేసినవాడు పాపకి పెదనాన్న వరస. మూడేళ్లు కోర్టుకి తిరిగాను, శిక్ష పడింది. పేపర్లో పాప పేరు వేయకూడదని చట్టముంది, వేయలేదు. కానీ నువ్వు వాడి ఫోటో గోడకి అంటిస్తే మా ఊళ్లో ఎవరైనా ముందు అడిగేది ఏమిటో తెలుసా? "ఎవరి పిల్ల?" రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. వాడి పేరు రాస్తే మా పాప పేరు రాసినట్టే. అది ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, కాలేజీలో ఎవరికీ తెలియదు.

వాడి మీద జాలి పడి చెప్పడం లేదు. వాడు బతికున్నంత కాలం పోలీసుల దగ్గర పేరుండాలి. స్టేషనుకి పిలవాలి, ఎక్కడున్నాడో చూస్తుండాలి. చూడాల్సింది వాళ్లు, ఊరు కాదు.

ఇంకోమాట. మాకు జరిగిన రోజు వాడి మీద ఏ కేసూ లేదు. ఏ లిస్టులోనూ ఉండేవాడు కాదు. పండక్కి బట్టలు పెట్టినవాడు.

నల్లకోటు, విజయనగరం:

ఈ తల్లి చెప్పింది నేను కోర్టులో చూసేదే. ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లోనూ పోక్సో అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు పిల్లకి తెలిసినవాడే.

కుట్టుమిషను, బొబ్బిలి:

అందరికీ దండాలు. నిన్న ఆ ముసలావిడకి అడ్వాన్సు తిరిగిచ్చేశాను. గది వేరేవాళ్లకి చెప్పానని అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు. నాకు పిల్లలున్నారు, నాకు భయం అని చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు, దెబ్బలాడలేదు. ఐదొందల నోటు చీర కొంగున ముడేసుకుని, "వాణ్ని హైదరాబాదు పంపేస్తానులే, మేస్త్రీ పనికి. అక్కడెవులడుగుతారు?" అంది. అప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఇక్కడుంటే పిన్నిగారి కళ్లయినా వాడి మీద ఉండేవి. అక్కడ ఏ సందులో ఉంటాడో, ఆ సందులో ఎవరి పిల్లలున్నారో. అలాగని ఆవిణ్ని వెనక్కి పిలిచానా అంటే లేదు.

నరసన్నపేట తమ్ముడు చెప్పినట్టు లెక్క వేశాను. కూరగాయల మార్కెట్టు దాకా నడిచేసరికి రెండు అంగన్‌వాడీలు, ఒక మున్సిపల్ స్కూలు, ఒక ఇంగ్లీషు మీడియం బడి. ఇక లెక్కపెట్టడం మానేశాను.

రాత్రి పాపని కూర్చోబెట్టి, బంధువులైనా సరే ఎవరైనా ఇలా చేస్తే నాకు చెప్పాలి అని మొదలుపెట్టాను. "మా టీచరు ఎప్పుడో చెప్పారమ్మా, 1098కి ఫోన్ చెయ్యాలి" అంది. నాకా నంబరు తెలియదు.

గది ఇంకా ఖాళీయే. చిన్న కుటుంబం ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంతకుముందు పైన రెండేళ్లున్న ఉద్యోగిని నేను అడిగింది ఒక్కటే, అద్దె ఏ తారీఖున ఇస్తారని. ఈసారి వచ్చేవాళ్లని ఇంకేం అడగాలో నాకైతే తోచడం లేదు.