పని మధ్యలో మాన్పించారు, బాకీ ఎలా రాబట్టుకోవాలి?

తెనాలి మేస్త్రి:
ఇళ్లకు లేబర్ కాంట్రాక్టు చేస్తాను. మెటీరియల్ ఓనరుది, మనుషులు నావాళ్లు. రెండంతస్తుల ఇల్లు, 2,300 చదరపు అడుగులు, అడుగుకు 330 చొప్పున 7,59,000కి ఒప్పుకున్నాను. బేస్‌మెంటుకు 10 శాతం, ఒక్కో స్లాబుకు 20, గోడలకు 20, ప్లాస్టరింగుకు 20, మిగతా 10 చివర్లో అని స్టాంపు పేపరు మీద రాసుకున్నాం.

గోడలు అయ్యాయి, కింది పోర్షన్ ప్లాస్టరింగ్ కూడా అయింది. నా లెక్కన 80 శాతం, అంటే 6,07,200. చేతికొచ్చింది 4,60,000. బాకీ అడిగిన వారానికే "పై గోడ నిలువు తప్పింది, రేపటి నుంచి రావద్దు" అని ఫోన్లో చెప్పేశారు. గుండు దారం వేసి చూద్దాం రండి సార్ అన్నా రాలేదు. నా మిక్సరు, పరంజా కర్రలు అక్కడే ఉన్నాయి. ముఠాకు చేబదులు తెచ్చి కూలి ఇచ్చాను. మధ్యలో ఆపితే లెక్క ఎలా తేల్చుకోవాలో కాగితంలో ఒక్క ముక్క లేదు.

గుంటూరు కరెంటు పని:
అన్నా, ముందు కొలతలు. కొత్త మేస్త్రి దిగి పైన ప్లాస్టరింగ్ మొదలుపెడితే నీ పని ఎంతో, అతని పని ఎంతో ఎవరూ చెప్పలేరు. ఇంజనీరును తీసుకెళ్లు. ఫలానా రోజు, ఫలానా టైముకు వస్తున్నామని ఓనరుకు వాట్సాప్ పెట్టు. కోపంలో గోడ మీద చెయ్యి మాత్రం వెయ్యకు. నేనొకసారి నా వైర్లు లాగేసుకుని పోలీస్ స్టేషన్లో కూర్చున్నాను.

పాత గుమస్తా:
నేను లాయర్ని కాను, లాయరు దగ్గర గుమస్తాని. కాగితంలో రాయనంత మాత్రాన చేసిన పనికి డబ్బు పోదు. 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినవాళ్లు నష్టం కట్టాలి. అది రెండు వైపులా తెగే కత్తి సుమా, గోడ నిజంగా తప్పితే బాగుచేయించిన ఖర్చు వాళ్లూ అడగొచ్చు. పని చేసిన నాటి నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. ముందు లాయరు నోటీసు పంపండి. తర్వాత న్యాయ సేవల సంస్థలో అర్జీ పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిలుస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ అయితే అది డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, అప్పీలు లేదు. వాళ్లు ఒప్పుకోకపోతే మాత్రం కోర్టే గతి.

ఇల్లు కట్టించినవాణ్ణి:
మా బాధ కూడా వినండి. తప్పు చూపిస్తే "ప్లాస్టరింగులో కప్పేస్తాం సార్" అంటారు, అక్కడే నమ్మకం పోతుంది. ఏది సరిచేస్తారో, దానికి ఎంత తగ్గిస్తారో మీరే ముందు రాసివ్వండి.

తెనాలి మేస్త్రి:
ఆదివారం ఇంజనీరుతో వెళ్లాను. ఓనరు రాలేదు, బావమరిదిని పంపారు. పడమటి గోడ అర అంగుళం తప్పిన మాట నిజమే, దాచను. పైన చెప్పిన సార్ మాట గుర్తొచ్చి, దాన్ని నా ఖర్చుతో సరిచేస్తానని కొలతల కాగితం మీదే రాశాను. ఆయన సంతకం పెట్టారు, మిక్సరు తెచ్చుకోనిచ్చారు. డబ్బు మాట ఎత్తితే "బావగారితో మాట్లాడండి" అన్నారు. రేపు లాయరు దగ్గరికి వెళ్తున్నాను.