పెంగ్విన్ల కోసం పదేళ్లు వేట ఆపడం న్యాయమేనా?

రేవు మనిషి:
దక్షిణాఫ్రికాలో ఆఫ్రికన్ పెంగ్విన్లు గుడ్లు పెట్టే ఆరు చోట్ల పదేళ్లపాటు రింగు వలల (చేపల గుంపును చుట్టేసి పట్టే పెద్ద వలలు) వేటకు అడ్డుకట్ట వేశారు. 2025 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వు అది. పక్షులను కాపాడే సంఘాలూ బోట్లవాళ్లూ రాజీపడ్డాకే వచ్చిందట. అయినా నాకు మనసొప్పడం లేదు. ఇక్కడ మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికే మా ఇళ్లలో అప్పులు పుడతాయి. పదేళ్లంటే ఎలా?

గాలివాటం:
అన్నా, మీ కష్టం కాదనను. కానీ ఆ నిషేధం సముద్రమంతటికీ కాదు. ఆ కాలనీల చుట్టూ గీసిన మేరకే, అదీ సార్డీన్లు, యాంచోవీలు పట్టే రింగు వలలకే. మనం కవళ్లు, నెత్తళ్లు అంటామే, ఆ తరహా చేపలు. పెంగ్విన్‌కి అన్నం అవే. పిల్లలున్నప్పుడు వాటి కోసం దూరం పోవడం దానివల్ల కాదు.

కేప్‌టౌన్‌లో ఉన్నప్పుడు బౌల్డర్స్ తీరంలో ఈక రాలుస్తున్న పెంగ్విన్‌ని చూశాను. చిరిగిన పరుపులోంచి దూది పొడుచుకొచ్చినట్టు ఒళ్లంతా పీచు. ఏటా ఒకసారి ఈకలన్నీ ఒకేసారి మారుస్తుంది. కొత్తవి వచ్చేదాకా, సుమారు మూడు వారాలు, నీళ్లలో దిగడం కుదరదు. ముందే తిని ఒళ్లు చేసుకోవాలి, లేదంటే ఎండిపోవడమే. అల వచ్చి కాళ్ల దగ్గర విరుగుతోంది, అది మాత్రం రాయి మీదనుంచి కదల్లేదు. 2024లో దీన్ని అంతరించే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. గుడ్లు పెట్టే జంటలు పదివేలు కూడా లేవు.

లెక్కల మాస్టారు:
తప్పంతా వలలదే అంటే ఒప్పుకోను. వేట ఆపితే మేలుందనీ, అయితే పక్షులు తగ్గిపోతున్న వేగం ముందు అది చిన్నదేననీ 2023లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. చేపలే పడమటి తీరం వదిలి తూర్పుకు జరిగాయి. అంతకుముందు ఎరువు కోసం దీవుల మీది రెట్టల పొరను గోకేశారు. పెంగ్విన్లు గూడు తవ్వుకునేది అందులోనే. ఇప్పుడు చాలాచోట్ల గుడ్లు ఎండలోనే.

గాలివాటం:
నిజమే మాస్టారూ. కానీ చేపలు జరగడాన్ని మనం ఆపలేం, రెట్టల పొర మళ్లీ పేరుకోవడానికి తరాలు పడుతుంది. ఈ ఏడాదే చేయగలిగింది వల పక్కకు తీయడం. 2000లో కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ అనే ఓడ మునిగి నూనె ఒలికినప్పుడు, నూనె అంటని సుమారు 19,500 పెంగ్విన్లను పట్టి పోర్ట్ ఎలిజబెత్ దగ్గర వదిలారు. అవి వందల కిలోమీటర్లు ఈదుకుంటూ ఇల్లు చేరేలోపు అక్కడి నీళ్లు శుభ్రం చేశారు. అంత పని చేసి కాపాడుకున్న పక్షిని తిండి లేక పోనిస్తామా?

రేవు మనిషి:
కొంత మేరకే అన్న సంగతి నాకు తెలీదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్కటే అడుగుతా. రాజీలో బోటు ఓనర్లు కూర్చున్నారు సరే, వల లాగే కూలీ, చేపల డబ్బాలు నింపే ఆడమనిషి కూర్చున్నారా? నిషేధం రోజుల్లో మాకిచ్చే భృతి లాంటిది వాళ్లకేమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.