రెండేళ్లుగా వదిలేసిన పెరట్లో మళ్ళీ కూరగాయలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

అల్వాల్‌లో మా ఇంటి వెనక అమ్మ పెంచిన మడులు ఉన్నాయండి. ఆవిడ పోయాక ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు నడుమెత్తు వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మొక్కలు, కింద అంతా తుంగ, గరిక గడ్డి. జూన్ వానలకి బెండ, బీర పెట్టాలని నా ఆశ. కలుపు మందు కొట్టడం ఇష్టం లేదు. నెల రోజులే టైం ఉంది, సరిపోతుందా?

జవాబు 1
సరిపోతుంది, టెన్షన్ పడకండి. ముందు వయ్యారిభామ సంగతి చూడండి, పూత రాలి విత్తనం పడితే మళ్ళీ మొదటికొస్తుంది. గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ తప్పనిసరి, దాని వల్ల ఒంటిమీద దద్దుర్లు, ఆయాసం వస్తాయి. తుంగని మాత్రం పైన పీకితే లాభం లేదు, గడ్డలు లోపలే ఉండి మళ్ళీ మొలుస్తాయి, కాబట్టి పలుగుతో లోతుగా తవ్వి ఏరాలి. తుంగ పూర్తిగా పోవడానికి మాత్రం నాకు రెండు సీజన్లు పట్టింది.

జవాబు 2
మే ఎండని వాడుకోండి. తవ్విన మడిని బాగా తడిపి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి అంచులు మట్టితో మూసేయండి. 4 నుంచి 6 వారాల్లో ఆ వేడికి చాలా కలుపు విత్తనాలు చస్తాయి, తుంగ గడ్డలు మాత్రం అంత తేలిగ్గా చావవు. మొత్తం ఒకేసారి వద్దు, రెండు మడులు చాలు. మిగతా చోట తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లి, పూతకొచ్చాక మొక్కల్ని మట్టిలో కలిపేయండి.

అడిగినవారు
చాలా థాంక్స్ అండి. ఆదివారం అమ్మ గోంగూర మడి నుంచే మొదలుపెడతా.