డొమైన్ పోయింది, దుకాణం సైట్ బంద్ అయింది – మీకు గిట్ల ఎప్పుడన్నా అయిందా?

దర్రీల_షాపోడు
అన్నలూ, అక్కలూ, జర సాయం కావాలె. మా బాబాయిది వరంగల్ కొత్తవాడల దర్రీల (నేసిన పరుపుల, తివాచీల) దుకాణం. మూడేండ్ల కింద సైట్ చేయించినం. నిన్న పొద్దుగాల ఢిల్లీ పార్టీ ఫోన్ చేసి "మీ సైట్ తెరిస్తే లోన్ల యాడ్లు వస్తున్నయ్, దుకాణం ఎత్తేసిండ్రా?" అని అడిగిండు. చూస్తే నిజమే, డొమైన్ (సైట్ పేరు) గడువు అయి నెల దాటింది. కొన్నది మా దోస్తు, వాని అకౌంట్లనే. వాడిప్పుడు బెంగళూరుల ఉన్నడు, పాత నంబర్ కలుస్తలేదు. హోస్టింగ్ (సైట్‌ను ఉంచే జాగ కిరాయి) పైసలు మాత్రం నెలనెలా మా కార్డు నుంచి పోతనే ఉన్నయ్!

హన్మకొండ_అక్క
తమ్ముడూ, గాబరా పడకు. .కామ్ ఏనా? అయితే గడువు అయిన రోజే పేరు చేజారదు. 45 రోజుల దాకా రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) దగ్గర ఉంచుకునే వీలుంటది, ఆ లోపల చాలావరకు మామూలు ధరకే రెన్యూ చేసుకోవచ్చు. అయితే అందరూ పూర్తి 45 రోజులు ఇయ్యరు, కొందరు నెల తిరక్కముందే వేలానికి పెడతరు. తర్వాత రిడెంప్షన్ అని ఇంకో 30 రోజులు. అప్పుడు గూడ దొరుకుతది గని జుర్మానా గట్టిగ గుంజుతరు. ఆఖరికి 5 రోజులు దాన్ని ఎవ్వరూ ముట్టుకోలేరు. ఆరో రోజు ఎవడు ముందుపడితే వానిదే. హూఈజ్‌ల (డొమైన్ వివరాలు చూపే రికార్డు) ఏ స్టేటస్ చూపిస్తున్నదో చూసి చెప్పు. ఇంకో మాట, గడువు దగ్గరపడ్డదని మెయిళ్లు ఏ అడ్రస్‌కు పోయినయ్?

దర్రీల_షాపోడు
అదే కదక్కా తప్పు. మా సైట్ పేరు మీద పెట్టుకున్న మెయిల్‌కే పోయి ఉంటయ్. దాన్ని ఎవ్వరూ తెరువరు. ఇప్పుడు డొమైన్ ఆగింది గాబట్టి ఆ మెయిలూ పన్జేస్తలేదు. స్టేటస్‌ల రిడెంప్షన్ అని ఎక్కడ లేదు. ఇయ్యాలటికి 33 రోజులు.

హన్మకొండ_అక్క
ఇంటి తాళంచెవి ఇంట్లనే పెట్టి తాళమేసుకున్నట్టు చేసిండ్రు. సరే, ఇంకా టైమున్నది. ఆ దోస్తును ఎట్లన్నా పట్టుకో.

కాజీపేట_జంక్షన్
రిజిస్ట్రార్‌కే రాస్తే? పైసలు ఇచ్చింది వీళ్లే కదా, ఫోన్‌పే రసీదు ఉండె ఉంటది.

హన్మకొండ_అక్క
కుదరదు. పాసుబుక్ల ఎవరి పేరుంటే భూమి వాళ్లది. కౌలు కట్టిన రసీదు చూపిస్తే పట్టా మారుతదా? ఇదీ అంతే. డొమైన్ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో వాళ్ల మాటే వింటరు. నేను 12 ఏండ్ల నుంచి దుకాణాలకు, స్కూళ్లకు సైట్లు చేస్తున్న. డొమైన్‌ను ఓనర్ కార్డుతోని, ఓనర్ సొంత జీమెయిల్‌తోని, నా ముందటనే కొనిపిస్త. పాస్‌వర్డ్ నాకు చెప్పొద్దంట. కొందరు "మాకెందుకమ్మా ఈ తలనొప్పి, నువ్వే చూసుకో" అని విసుక్కుంటరు. విసుక్కోనీ.

కరీంనగర్_కోడర్
మాకు డొమైన్ కాదు గని సర్టిఫికెట్ (సైట్ అసలుదే, భద్రమే అని బ్రౌజర్‌కు చూపేది) దెబ్బ కొట్టింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉత్తగనే ఇచ్చే సర్టిఫికెట్ 90 రోజులే కదా. దానంతట అదే రెన్యూ అయ్యేటట్టు పెట్టి మర్చిపోయినం. మధ్యల మావాడొకడు సెక్యూరిటీ అని 80 పోర్టు (సర్వర్‌లకు వచ్చే ఒక దారి) మూసేసిండు. మేము వాడే పద్ధతిల తనిఖీ ఆ పోర్టు మీదనే జరుగుతది, గాబట్టి ప్రతిసారి ఫెయిల్ అయింది. చెప్పేటోడు లేడు. ఇంతకుముందు గడువు దగ్గరపడితే వాళ్లే మెయిల్ పంపేది, 2025 జూన్ల అది బంద్ చేసిండ్రు. ఒక ఆదివారం పొద్దున కస్టమర్లందరికీ 'ఈ సైట్ భద్రం కాదు' అన్న హెచ్చరిక తెర! ఇప్పుడు 20 రోజుల కన్న తక్కువ మిగిలితే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేటట్టు చిన్న స్క్రిప్ట్ రాసుకున్న. చేత్తోని రెన్యూ చేసేటోళ్లు ఇకనన్నా మానుకోండి. 2026 మార్చి 15 నుంచి కొత్తగ ఇచ్చే ఏ సర్టిఫికెట్ అయినా 200 రోజులకు మించదు. 2029కి అది 47 రోజులకు దిగుతది.

జగిత్యాల_వార్త
చర్చ దారి తప్పుతోందేమో, అయినా ఒక తెలుగు బాధ చెప్పుకోవాలి. మా లోకల్ న్యూస్ సైట్ వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. లింకు కూడా తెలుగులో ఉంటే బాగుంటుందని హెడ్డింగునే లింకుగా ఉంచేసేవాళ్లం. లింకులోకి వెళ్లాక మన ఒక్కో అక్షరం శాతం గుర్తులతో కలిపి 9 స్థానాలు తింటుంది. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడి లెక్క. 'కాళేశ్వరం' ఒక్క మాటకే 81 పోతాయి! వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు మొత్తం 200. అంటే రెండు మాటలు, మూడో మాట మధ్యలోనే కోత. ఒకే మాటలతో మొదలయ్యే వార్తలన్నిటికీ దాదాపు ఒకే లింకు, చివర 2, 3 అంకెలే తేడా. వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తుల దండ. అది చూసి మా మామయ్యే "వైరస్సా అల్లుడూ?" అని ఫోన్ చేశాడు. ఇప్పుడు లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మాటలు పెడుతున్నాం.

ఇంకొకటి. ఇంగ్లీషు కోసం చేసిన థీమ్ (సైట్ రూపురేఖలు) తెచ్చుకుంటే వరుసల మధ్య ఎడం సరిపోదు. 'రాష్ట్రం' అని రాస్తే కింది ఒత్తులు సగం తెగి కనిపించేవి. 1.2 ఉన్నదాన్ని 1.7 చేశాక కుదుటపడింది. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ జోలికి మాత్రం పోవద్దు.

కాజీపేట_జంక్షన్
2018ల మన 'జ్ఞా' ఒక తీరుగ టైప్ చేసి పంపితే ఐఫోన్ల యాప్‌లు కూలిపోయినయ్, యాదికున్నదా? ఆపిల్ ఆగమాగమై అప్‌డేట్ ఇచ్చింది.

ములుగు_బాట
నాదీ ఒక ముచ్చట. 2024 మేడారం జాతరప్పుడు పార్కింగ్, బస్సుల వివరాలతోని సైట్ పెట్టిన. మామూలు షేర్డ్ హోస్టింగ్, అంటే ఒకే సర్వర్ మీద చాలా సైట్లు. ఫిబ్రవరి 21న సారలమ్మ గద్దెకు వచ్చిన రోజు బాగనే నడిచింది. తెల్లారి సమ్మక్క రాక ఉన్నదనంగ మధ్యాహ్నమే కూలింది. ఎందుకంటే ఫొటోలు ఫోన్ల తీసినవి తీసినట్టే ఎక్కించిన, ఒక్కోటి 4 ఎంబీ. పైగా ఎవరు తెరిచినా పేజీ కోసం డేటాబేస్ మళ్ల మళ్ల వెతుకుడే. దానికి తోడు అంతమంది జనంల నెట్ సిగ్నలే దొరకది, 4 ఎంబీ ఫొటో ఎవనికి తెరుచుకుంటది?

మొన్న 2026 జనవరి 28 నుంచి 31 దాకా జాతరకు డేటాబేసే తీసేసిన. ఒకే ఒక్క ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీ, ఫొటో లేదు, మొత్తం 60 కేబీ. నేనే బైకు మీద పోయి తాడ్వాయి దగ్గర ఆగి, ఒక్క గీత సిగ్నల్ మీద తెరిచి చూసిన. వచ్చింది. నాలుగు రోజులు కదలకుండ నడిచింది. చూడ్డానికి అందం లేదని మా తమ్ముడు ఎక్కిరించిండు గని, బస్సు దొరికినోనికి అందమెందుకు?

కరీంనగర్_కోడర్
బ్యాకప్ (సైట్ నకలు దాచుకునుడు) ముచ్చట ఎవ్వరూ ఎత్తలేదేంది? బ్యాకప్‌లు సైట్ ఉన్న సర్వర్‌లనే పెట్టుకునేటోళ్లు చేతులెత్తండి.

జగిత్యాల_వార్త
🙋‍♂️ ఎత్తాను. ఇవాళే మారుస్తాను.

దర్రీల_షాపోడు
దొరికిండు! వాళ్ల అన్న సుబేదారిల ఉంటడని యాదికొచ్చి రాత్రి ఇంటికే పోయిన. దోస్తు వీడియో కాల్‌ల లాగిన్ అయి చూస్తే ఓటీపీ ఆ పాత నంబర్‌కే పోతున్నది. నయం, మెయిల్‌కు గూడ పంపే ఆప్షన్ ఉండె. మామూలు ధరకే రెన్యూ అయింది. ఇయ్యాల మధ్యాహ్నానికి సైట్ లేచింది. ఇప్పుడు వేరే కంపెనీకి మార్చుకోవాల్నా అక్కా?

హన్మకొండ_అక్క
ఇప్పుడే వద్దు. గడువు దాటినంక రెన్యూ చేసి 45 రోజుల్లోపల మారిస్తే, ఇప్పుడు కట్టిన ఏడాది పోయే ప్రమాదమున్నది. అదే కంపెనీల బాబాయి పేరు మీద అకౌంట్ తెరిచి, డొమైన్‌ను అందులకు తోయమని దోస్తుకు చెప్పు. మెయిల్ మాత్రం జీమెయిల్ పెట్టు.

దర్రీల_షాపోడు
చేసినం. బాబాయి పాస్‌వర్డ్ తీసుకపోయి ఉద్దెర ఖాతా పుస్తకం ఆఖరి పేజీల రాసి పెట్టిండు.

కాజీపేట_జంక్షన్
ఆ పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టకు నాయినా.